పిచ్చాసుపత్రి గేటు: చట్టం చూసినదీ, సాహిత్యం చూడనిదీ

1

ఉన్మాదం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. ఉన్మాదిని ఉంచే ఇల్లు మాత్రం ఈనాటికీ కొత్త వస్తువే. ఆధునిక తెలుగు నవల మనిషి మనస్సులోకి చాలా లోతుగానే దిగింది. అతడి భయాల వెంట, అతడికే తెలియని కోరికల వెంట నడిచింది. కాని ఆ మనస్సు చెదిరిన తరువాత ఆ మనిషిని ఎవరు తీసుకుపోతారు, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెడతారు, ఏ గదిలో ఎంతకాలం ఉంచుతారు, అతడు ‘నన్ను పంపించండి’ అంటే వినవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు వచ్చేసరికి నవల ముగిసిపోతుంది. ఆ తరువాతి కథను చట్టం ఒక్కటే రాస్తూ వచ్చింది.

ఈ వ్యాసంలో చట్టాన్ని కూడా ఒక రచనగానే చదవదలచాను. ప్రతి రచనకూ ఒక కథకుడుంటాడు, ఒక దృక్కోణం ఉంటుంది, ఎవరి మాటను నమ్మాలో చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది. ఈ దేశంలో పిచ్చాసుపత్రుల స్థాపనకూ నిర్వహణకూ సంబంధించి 1858, 1912, 1987, 2017 సంవత్సరాల్లో ప్రధానమైన చట్టాలు వచ్చాయి. వాటిలో మాట్లాడేది ఎవరు, మాట్లాడనివ్వనిది ఎవరిని అని అడగడం సాహిత్య విమర్శకుడికి తగని పని కాదు. ఈ ప్రశ్నతో చదివితే చట్టానికీ మన సాహిత్యానికీ ఒక ఉమ్మడి లోపం కనిపిస్తుంది. రెండూ రోగిని చూశాయి, వర్ణించాయి, జాలిపడ్డాయి. అతడి మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి మాత్రం రెండూ వెనుకాడాయి.

2

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను తీసుకుందాం. సీతారామారావు పతనానికి కారణాలను రచయిత అతడి మనస్సులో మాత్రమే వెతకలేదు. వంశప్రతిష్ఠ అనే భూస్వామ్య భారాన్ని మోయనూ లేక దించుకోనూ లేక, ఆస్తి పోయిన తరువాత మారిన మానవ సంబంధాలను అర్థం చేసుకోలేక ఆ మనిషి చితికిపోవడాన్ని చూపించాడు. అది గోపీచంద్ సాధించిన విజయం. కాని మతి చలించిన సీతారామారావును నవల శ్మశానానికి నడిపించి అక్కడే అంతం చేస్తుంది, ఉన్మాదానికి మరణమే సహజమైన ముగింపు అన్నట్టు. నిజజీవితంలో మతి చెడినవాడు అంత సులభంగా చావడు. ఇరవై ఏళ్ళో ముప్పై ఏళ్ళో బతుకుతాడు. బతికినంతకాలం ఎవరో ఒకరి అధీనంలో బతుకుతాడు. నవల వదిలేసింది ఆ ముప్పై ఏళ్ళనే.

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయాన్నీ న్యూనతనూ చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించాడు. ఆయన విశాఖపట్నంలో న్యాయవాది. మద్యనిషేధ చట్టం పేదవాడి నెత్తిన ఎట్లా పడుతుందో, దాన్ని అడ్డం పెట్టుకొని ఎవరెవరు బతుకుతారో ‘ఆరు సారా కథలు’లో చూపించాడు. చట్టాన్ని కథావస్తువుగా చేయవచ్చని తెలుగువారికి ఆయనకంటే గట్టిగా నిరూపించినవారు అరుదు. అదే ఊళ్ళో, చినవాల్తేరులో, పందొమ్మిదవ శతాబ్దం నుంచి పిచ్చాసుపత్రి ఉన్నది. కోర్టు వరండాను అంత నిశితంగా చూసిన కన్ను ఆ ఆసుపత్రి గేటు లోపలికి ప్రసరించి ఉంటే మన కథాసాహిత్యం మరొక మెట్టు ఎక్కి ఉండేది.

మా ప్రాంతపు రచయిత నవీన్ సంగతి కూడా చెప్పుకోవాలి. వావిలాల గ్రామం నుంచి వచ్చిన ఆయన 1969లో ‘అంపశయ్య’ ప్రచురించాడు. ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క దినపు ఆలోచనలే ఆ నవల. డబ్బు లేమి, పరీక్షల భయం, ప్రేమ కోసం తపన ఒక పేద విద్యార్థి మెదడును ఎట్లా నలిపివేస్తాయో అది చూపింది. విద్యార్థి మనోవేదనకు ఆర్థిక మూలాలున్నాయని మన తరగతి గదుల్లో చెప్పడానికి ఈనాటికీ దానికి మించిన పుస్తకం లేదు. అయితే ఆ వేదన హద్దు దాటితే ఆ విద్యార్థి గతి ఏమిటన్నది మరొక నవల రాయవలసిన విషయం.

గేటు లోపలికి వెళ్ళినది సినిమా. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో ‘చివరకు మిగిలేది’ వచ్చింది. బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు తప్ప పోలిక లేదు. బెంగాలీలో 1959లో వచ్చిన ‘దీప్ జ్వేలే జాయ్’కి ఇది తెలుగు రూపం. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన రోగిని బాగుచేయడానికి అతడిని ప్రేమిస్తున్నట్టు నటించమని పెద్ద డాక్టరు నర్సును ఆజ్ఞాపిస్తాడు. రోగి కోలుకొని వెళ్ళిపోతాడు. నటనను నటనగా ఉంచుకోలేని నర్సు చివరకు తానే రోగి అవుతుంది. సావిత్రి నటనను ప్రేక్షకులు మరిచిపోలేదు. కాని ఆ కథను స్త్రీ హృదయపు విషాదంగా చూసి కన్నీరు పెట్టుకోవడంతో మన విమర్శ తృప్తిపడింది. కొంచెం ఆగి ఆలోచిస్తే అది ఒక ఉద్యోగిని శ్రమను, ఆమె మనస్సును కూడా, పై అధికారి ప్రయోగానికి వాడుకున్న కథ. రోగిని అడిగినవారు లేరు, నర్సును అడిగినవారు లేరు. డాక్టరును అడిగే అధికారం ఉన్న మనిషి ఆ ఆసుపత్రిలోనే కాదు, ఆ కథా ప్రపంచంలోనే లేడు. ఆ లేని మనిషే మన చర్చకు కేంద్రం. ఆ స్థానంలో నిలవవలసినది లైసెన్సు ఇచ్చే రాజ్యం.

ఈ సంగతిని అందరికంటే ముందు పట్టుకున్నవాడు చెహోవ్. ఆయన ‘ఆరవ నంబరు వార్డు’ 1892లో వచ్చింది. డాక్టర్ రాగిన్ తన ఆసుపత్రి అనైతికమైనదని తెలిసి కూడా ఏమీ చేయడు. పుస్తకాలు చదువుకుంటాడు, తత్త్వం మాట్లాడుకుంటాడు. కావలివాడు నికీతా రోగులను కొడుతున్నాడని తెలుసు. ఆ వార్డులో ఒక రోగితో తీరికగా చర్చలు పెట్టుకోవడమే చివరకు అతడి మతిభ్రమణకు నిదర్శనమవుతుంది. అతడిని అదే వార్డులో వేసి తలుపు మూస్తారు. నిన్నటి దాకా అతడి సంతకం మనుషులను లోపల ఉంచింది. ఈరోజు ‘నన్ను బయటికి వదలండి’ అన్న అతడి మాట విలువ చేయదు. అతడిలో మారినది ఏమీ లేదు. మారినది తలుపుకు అతడు ఏ వైపున ఉన్నాడన్నది మాత్రమే.

3

ఇక చట్టాలకు వద్దాం. 1858 నాటి చట్టం తిరుగుబాటు మరుసటి ఏడు, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన ఏడు పుట్టింది. దాని స్థానంలో వచ్చిన 1912 చట్టం అసైలమ్ స్థాపించడానికీ, లైసెన్సు ఇవ్వడానికీ ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. ప్రతి అసైలమ్‌కూ కనీసం ముగ్గురు సందర్శకులుండాలన్నది. వారిలో ఒకరు వైద్యాధికారి. జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ తన పదవి కారణంగానే సందర్శకుడు. నెలకొకసారి వారు కట్టడమంతా తిరిగి చూడాలి.

ఆ సందర్శకుల జాబితాయే ఆ చట్టపు దృక్కోణం. జైలును తనిఖీ చేసే కన్నే ఆసుపత్రినీ తనిఖీ చేస్తుంది. గోడ ఎత్తు, తాళం గట్టితనం, రిజిస్టరులోని తలల లెక్క ఆ కంటికి కనిపిస్తాయి. ‘చివరకు మిగిలేది’లోని ఆసుపత్రికి అటువంటి సందర్శకులు వచ్చినా, శుభ్రమైన పక్కలూ సరైన లెక్కలూ చూసి సంతృప్తితో సంతకం పెట్టి వెళ్ళి ఉండేవారు. 1920 ప్రాంతంలో అసైలమ్‌లు మెంటల్ హాస్పిటళ్ళుగా పేరు మార్చుకున్నాయి. బోర్డు మారింది, చట్టం మారలేదు. స్వతంత్రం వచ్చిన తరువాత కూడా నాలుగు దశాబ్దాలకు పైగా అదే నడిచింది. నిజాం రాజ్యపు ఆసుపత్రి నేటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాదులోని ఎర్రగడ్డకు వచ్చింది. అప్పటి నుంచి ‘ఎర్రగడ్డ’ అన్న ఊరి పేరు తెలంగాణ నోట తిట్టుగా మారింది. ఒక ఆసుపత్రి పేరు తిట్టయిందంటే అది కేవలం భాషాశాస్త్ర విషయం కాదు. అక్కడికి పోయినవాడి మాటను ఇక వినక్కరలేదని సమాజం తీర్మానించుకున్నదని దాని అర్థం.

1987లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అమలుకు వచ్చినది 1993 ఏప్రిల్ 1న. లైసెన్సు లేకుండా ప్రైవేటు మానసిక వైద్యశాల నడపరాదు, లైసెన్సు అయిదేళ్ళు చెల్లుతుంది, తనిఖీ అధికారులుంటారు అన్నది. ఇంతవరకు బాగున్నది. అయితే ప్రభుత్వం స్వయంగా నడిపే ఆసుపత్రులకు ఈ లైసెన్సు నిబంధన వర్తించదని కూడా అన్నది! పేదలలో అత్యధికులు చేరేది ప్రభుత్వాసుపత్రిలోనే. పరీక్ష పెట్టే ఉపాధ్యాయుడు తన కొడుకును పరీక్ష నుంచి మినహాయించినట్టయింది. జాతీయ మానవ హక్కుల సంఘం 1999లో ప్రచురించిన నివేదిక పలు మానసిక వైద్యశాలల్లో జైలు కట్టడమూ జైలు పద్ధతీ మిగిలే ఉన్నాయని చెప్పింది.

చట్టం ఉన్నా అది అందని చోటు ఎంత భయంకరంగా ఉంటుందో తమిళనాడులోని ఎర్వాడి చెప్పింది. దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున నిప్పంటుకొంది. గొలుసులతో కట్టివేయబడి పరుగెత్తలేని 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకొన్నది. అటువంటి ఆశ్రమాలు మూతపడ్డాయి. ఆ 28 మందిని అక్కడ వదిలి వెళ్ళిన కుటుంబాలకు అంతకంటే దగ్గరలో, అంతకంటే చౌకగా వైద్యం ఎందుకు దొరకలేదన్న ప్రశ్న మాత్రం మూతపడలేదు.

2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 చట్టం స్వరం వేరు. ప్రభుత్వానిదైనా, ట్రస్టుదైనా, ప్రైవేటుదైనా, అల్లోపతి అయినా, ఆయుర్వేదమైనా, యునానీ అయినా మానసిక రోగులను చేర్చుకొని ఉంచే ప్రతి సంస్థా రాష్ట్ర అథారిటీ వద్ద నమోదు కావాలి. మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా అనారోగ్య నిర్వచనంలో చేర్చింది గనుక వ్యసన విముక్తి కేంద్రాలు కూడా దీని కిందికి వస్తాయి. గొలుసు వేయరాదు. మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయరాదు. బలవంతంగా గుండు చేయరాదు. పని చేయించుకుంటే కూలి ఇవ్వాలి. ఇల్లు లేదన్న ఒక్క కారణం మీద మనిషిని ఆసుపత్రిలో ఉంచరాదు. తాను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే ఎట్లాంటి వైద్యం కావాలో, ఏది వద్దో వయసు వచ్చిన ప్రతి పౌరుడూ ముందే రాసిపెట్టుకోవచ్చు. తన పక్షాన మాట్లాడే ప్రతినిధిని తానే ఎన్నుకోవచ్చు. అతడి ఇష్టానికి విరుద్ధంగా చేర్చుకుంటే ఆ సంగతి ఏడు రోజుల్లో, స్త్రీలయితే మూడు రోజుల్లో, సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. జిల్లా జడ్జి స్థాయి వ్యక్తి అధ్యక్షతన ఉండే ఆ బోర్డులో ఇద్దరు సభ్యులు మానసిక అనారోగ్యం అనుభవించినవారో, వారిని సాకుతున్నవారో, వారి కోసం పనిచేసే సంస్థలవారో అయి ఉండాలి.

జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్ కూర్చున్న కుర్చీ పక్కన ఒకనాటి రోగి కూర్చోవడం చిన్న మార్పు కాదు. డాక్టర్ రాగిన్ తలుపు లోపలి నుంచి అరిచిన అరుపు మొదటిసారి ఒక దరఖాస్తు అయింది. నూటయాభై ఏళ్ళ తరువాత చట్టమనే రచనలో రోగి పాత్ర స్థాయి నుంచి సాక్షి స్థాయికి వచ్చాడు.

4

అయితే చట్టపు పాఠం ఒకటి, దాని ఆచరణ మరొకటి. ఆ చట్టం ప్రకారం తాత్కాలిక నమోదు పత్రం దరఖాస్తు అందిన పది రోజుల్లో ఇవ్వాలి. దానికి విచారణ అవసరం లేదు. అది ఏడాది చెల్లుతుంది. అంటే మొదటి అనుమతి కాగితాన్ని చూసి ఇచ్చే కాగితం. నమోదు లేకుండా నడిపితే మొదటి తప్పుకు జరిమానా అయిదు వేల నుంచి యాభై వేల రూపాయల దాకా. రోగికి నెలనెలా వేలకు వేలు వసూలు చేసే యజమానికి ఇది భయపెట్టే అంకె కాదు.

ఘనపూర్ నుంచి చూస్తే ఈ చట్టం ఇంకా దూరంగా కనిపిస్తుంది. ఘనపూర్ అన్న పేరు మా వైపు ఒక్క ఊరిది కాదు. రైలు ఆగే స్టేషన్ ఘనపూర్ జనగామ జిల్లాలో ఉన్నది. కాకతీయుల నాటి కోటగుళ్ళున్న ఘనపూర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. 2016 అక్టోబరు 11 దాకా రెండూ ఒకే వరంగల్లు జిల్లా. జిల్లాలు చిన్నవై కలెక్టరు కచేరీ దగ్గరికి వచ్చింది. మానసిక వైద్యం అంత దగ్గరికి రాలేదు. కొడుకు మతి తప్పితే పత్తి ఏరే కూలి తల్లి వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోవాలి, లేదా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఎర్రగడ్డకు పోవాలి. రోగి ఒక్కడే పోలేడు. తోడుగా ఇద్దరు కావాలి. ముగ్గురి చార్జీలు, ఇద్దరి కూలి పోతాయి. నెలకొకసారి మందుకు మళ్ళీ పోవాలి. మూడో నెల మందు ఆగిపోతే డాక్టరు దాన్ని ‘చికిత్స పట్ల నిర్లక్ష్యం’ అని రాస్తాడు. అర్థశాస్త్రం దానికి వేరే పేరు పెడుతుంది.

ఆ తరువాత మిగిలేది ఇల్లు. చట్టం తన నిర్వచనంలో బంధుమిత్రులతో కలిసి రోగి నివసించే ఇంటిని నమోదు నుంచి మినహాయించింది. మినహాయించక తప్పదు. కాని తనిఖీ ఆగిపోయే ఆ గడప దగ్గరే వెనుకింటి గుంజకు కట్టిన తాడు మొదలవుతుంది. ఇంట్లో రోగిని హింసిస్తున్నా, పట్టించుకోకుండా వదిలేసినా ఎవరైనా పోలీసులకు చెప్పవచ్చు, వారు మేజిస్ట్రేటుకు నివేదించాలి అని అదే చట్టం అంటున్నది. కాని ఆ తాడు కట్టిన తల్లిని హింసించే మనిషిగా చూపించే కథ అబద్ధపు కథ అవుతుంది. పగలంతా కూలికి పోకపోతే రాత్రి వండుకోవడానికి బియ్యం లేని ఇంట్లో, బావిలో దూకబోయే కొడుకును ఆమె ఏ చేత్తో పట్టుకోవాలి? ఊరికి దగ్గరలో వైద్యం లేకపోవడం ఆ తాడుకు ఒక పేట. ఆమె పేదరికం రెండో పేట.

మరొక లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలంగాణలో కల్లు దుకాణాలు ఆబ్కారీ శాఖ అనుమతితో నడుస్తాయి. చెట్టు కల్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు పేద బస్తీలకూ పల్లెలకూ అందుతున్నదని దశాబ్దాలుగా తెలిసిన విషయమే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు దానికి అలవాటు పడిన జనం వణుకుతో, మూర్ఛలతో, వింత మాటలతో ఆసుపత్రుల దారి పట్టారు. 2020 మార్చి చివర లాక్‌డౌనులో మద్యం, కల్లు దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు వరుసలు కట్టారు. కూలివాడిని రోగిగా మార్చిన దుకాణానికి అనుమతి ఇచ్చినదీ, ఆ రోగిని ఉంచే ఆసుపత్రికి అనుమతి ఇచ్చేదీ ఒకే రాజ్యం. మొదటిదాని నుంచి ఖజానాకు ఆదాయం వస్తుంది, రెండవదానికి ఖజానా నుంచి ఖర్చు పెట్టాలి. ఏ శాఖ చురుకుగా పనిచేస్తుందో ఊహించడానికి పెద్ద సిద్ధాంత జ్ఞానం అక్కరలేదు.

2025 జూన్ మొదట్లో ఎర్రగడ్డ ఆసుపత్రిలో ఎందరో రోగులు వాంతులు, విరేచనాలతో జబ్బుపడ్డారు. ఒకరు మరణించారు. ఆహారం కలుషితమైందని అనుమానించారు. బయటివాడికి కూడు బాగాలేకపోతే మరొక హోటలుకు పోతాడు. గేటు లోపలి మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. అందుకే ఆ వంటగది తనిఖీ మామూలు శుచి శుభ్రతల తనిఖీ కాదు. ‘ఈ అన్నం వాసన వస్తున్నది’ అని ఒక రోగి అంటే ఆ మాటను ఎవరు రాసుకుంటారన్నదే అసలు తనిఖీ.

5

కొందరు వైద్య మిత్రులకు ఈ చట్టం పట్ల అసంతృప్తి ఉన్నది. ఇన్ని నిబంధనలు పెడితే చిన్న నర్సింగుహోములు రోగులను చేర్చుకోవడం మానేస్తాయి, నష్టపోయేది రోగులే అని వారంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ప్రజా వైద్యశాలలు పెంచకుండా లైసెన్సు మాత్రమే బిగిస్తే చౌక చోట్లు మూతపడి ఖరీదైన చోట్లు మిగులుతాయి. కాని దాని నుంచి తేలవలసిన నిర్ణయం నిబంధన తీసివేయడం కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యానికి పడకలూ, మండలానికి మందులూ అడగడం.

మన శిబిరంలోని మిత్రులు మరొక మాట అంటారు. దోపిడీ సమాజమే పిచ్చి పుట్టిస్తున్నది, సమాజం మారితే సమస్య పోతుంది, ఈ చట్టాల చర్చ సంస్కరణవాదం అని. ఈ వాదాన్ని చరిత్ర ఒప్పుకోదు. సోషలిస్టు సమాజమని చెప్పుకున్న సోవియట్ దేశంలోనే అసమ్మతిని రోగంగా నమోదు చేసిన ఘటనలున్నాయి. ప్రభుత్వాన్ని విమర్శించిన జనరల్ గ్రిగొరెంకోను 1960లలో మానసిక వైద్యశాలలో బంధించారు. ఆ విమర్శలకు జవాబు చెప్పుకోలేక 1983లో సోవియట్ మానసిక వైద్యుల సంఘం ప్రపంచ సంఘం నుంచి తప్పుకొన్నది. చెహోవ్ పుట్టిన దేశంలో ఆరవ నంబరు వార్డు తలుపు మళ్ళీ మూసుకున్నది. ఆస్తి సంబంధాలు మారినంత మాత్రాన ఆ తలుపు తనంతట తాను తెరుచుకోదని దీని పాఠం. ఇటు ఇటలీలో వామపక్ష భావాలు గల వైద్యుడు బసాలియా, ఆయన సహచరులు, రోగులు కలిసి చేసిన ఉద్యమం 1978 మేలో ఆ దేశపు చట్టాన్నే మార్పించింది, పాత పిచ్చాసుపత్రుల మూతకు దారి తీసింది. పోరాటం వల్ల వచ్చిన చట్టాన్ని సంస్కరణవాదమని తోసిపుచ్చడం కార్మిక చట్టాలను తోసిపుచ్చడం వంటిదే.

అభ్యుదయ సాహిత్యం నోరులేనివారికి నోరు అయిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇక్కడ ఆ మాట సరిపోదు. వీరికి నోరున్నది. రోజూ మాట్లాడుతున్నారు. వారు మాట్లాడినదంతా రోగ లక్షణంగా కేసు షీటులో చేరుతున్నది. రచయిత చేయవలసినది వారి తరఫున మాట్లాడడం కాదు, వారి మాటను లక్షణంగా కాక సాక్ష్యంగా వినగల కథనాన్ని నిర్మించడం. దానికి చైతన్యస్రవంతి ఒక్కటే చాలదు. ఆ స్రవంతికి అడ్డంగా కట్టిన గోడ, గేటు దగ్గరి కావలివాడు, చేర్పు కాగితం, వంటగది, బోర్డు ముందు పెట్టిన దరఖాస్తు కథలోకి రావాలి. నర్సు జీతమూ, వార్డుబాయి పని గంటలూ రావాలి. నికీతా కూడా జీతగాడే అని చెహోవ్ మరిచిపోలేదు.

ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయగల పని మరింత సులభమైనది. 2017 చట్టంలోని హక్కులను ఊరివారికి తెలిసే తెలుగులో రాసి గ్రంథాలయంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అంటించవచ్చు. మన జిల్లాకు సమీక్షా బోర్డు ఏది, అది ఎక్కడ కూర్చుంటుంది, దానిలో రోగుల పక్షాన ఉన్న ఇద్దరు ఎవరు, ఇప్పటి దాకా ఎన్ని దరఖాస్తులు విన్నది అని కలెక్టరు కచేరీలో సమాచార హక్కు కింద అడగవచ్చు. మన చుట్టుపక్కల వ్యసన విముక్తి కేంద్రమని బోర్డు పెట్టిన ప్రతి చోటా నమోదు పత్రం గోడకు ఉన్నదో లేదో చూడవచ్చు. ఉంటే, ఆ గోడ లోపలివారితో ఒంటరిగా మాట్లాడనిస్తారో లేదో అడగాలి. ఆ అనుమతి దొరకని చోట గోడమీది పత్రానికి విలువ లేదు.